డైటా, ఇంజెక్షనా, ఆపరేషనా: బరువు సంగతి తర్వాత, ముందు మీ ఆకలి సంగతి చూడండి

రోజూ ఒంటిగంటకి తినే మనిషికి పన్నెండున్నర అయ్యేసరికి కడుపులో కదలిక మొదలవుతుంది. ఏదో పనిలో ఇరుక్కుని ఆ రోజు తినడం కుదరలేదనుకోండి, ఒంటిగంట ప్రాంతంలో ప్రాణం నకనకలాడిపోతుంది, రెండున్నర దాటేసరికి ఏమీ తినకపోయినా అదే సద్దుమణుగుతుంది. "ఆకలి చచ్చిపోయింది" అంటాం కదా, అది ఉత్త మాట కాదు. జీర్ణాశయం పైభాగంలోంచి వచ్చే గ్రెలిన్ అనే హార్మోన్ మనం అలవాటుగా తినే వేళకి ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక పడిపోతుంది, తినకపోయినా కాసేపటికి దానంతట అదే దిగుతుంది. కడుపు ఖాళీ అయిందన్న దానికంటే, వేళయిందని మోగే గంట అది.

ఇక్కడి నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. బరువు తగ్గాలనుకునేవాళ్ళ ముందు ఇప్పుడు చాలా దారులు ఉన్నాయి. పిండిపదార్థాలు తగ్గించే డైట్, గంటల లెక్కన ఉపవాసం, వ్యాయామం, వారానికోసారి ఇంజెక్షన్, ఆపరేషన్. వీటిని పోల్చేటప్పుడు అందరం అడిగేది ఒకటే, ఎన్ని కేజీలు తగ్గుతాం అని. అడగాల్సిందే, కానీ దానికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: నన్ను పీడిస్తున్న ఆకలి ఏ రకం, ఈ దారిని నేను ఎన్నేళ్ళు నడవగలను.

నేను ఒకప్పుడు ఎనిమిది నెలలు నోరు కట్టుకుని 14 కేజీలు తగ్గాను. తర్వాతి రెండేళ్ళలో 16 కేజీలు పెరిగాను. రాత్రి పదకొండింటికి, తిని మూడు గంటలు కూడా కాకముందే, ఫ్రిజ్ తలుపు తీసుకుని ఆ వెలుతురులో నిలబడి ఏం కావాలో కూడా తెలియకుండా వెతికేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్ళు "నోరు అదుపులో పెట్టుకోలేకపోయావు" అన్నారు, నేనూ అదే నమ్మాను. ఆ ఆకలి వెనక ఏం జరుగుతోందో అప్పుడే తెలిసి ఉంటే మొదటి దారి ఎంచుకోవడమే వేరేగా ఉండేది, అందుకే ఇది రాస్తున్నాను.

లోపల రెండు లెక్కలు

శరీరం తిండి విషయంలో రెండు లెక్కలు రాసుకుంటుంది, ఒకటి పూటపూటకీ, ఇంకోటి ఏళ్ళ తరబడీ. పూట లెక్క కడుపుది, పేగులది. ఆకలి లేపేది గ్రెలిన్. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా దీన్ని కనిపెట్టారు. పేగుల హార్మోన్లలో బాగా తెలిసినవన్నీ దాదాపు తిండి ఆపమని చెప్పేవే, తినమని చెప్పేది ఇదొక్కటే అనుకోవచ్చు. తిన్నది చిన్నపేగు మొదట్లోకి దిగగానే, అందులో కొవ్వూ ప్రొటీనూ ఉంటే ముఖ్యంగా, సీసీకే అనే హార్మోన్ వస్తుంది, అది వేగస్ నాడి మీదుగా మెదడుకి "ఇక చాలు" అని కబురు పంపుతుంది. ఇంకా కిందికి వెళ్తే, చిన్నపేగు చివర్లోనూ పెద్దపేగులోనూ ఎక్కువగా ఉండే ఎల్ కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే రెండింటిని వదులుతాయి, ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, మళ్ళీ తినాలన్న ధ్యాసని కాసేపు పక్కన పెట్టిస్తాయి.

ఏళ్ళ లెక్క కొవ్వుది. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ని వదులుతుంటాయి, ఎంత కొవ్వుంటే అంత లెప్టిన్. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువుని పట్టుకున్నప్పుడు, ఇక దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే అందరూ సన్నబడతారని చాలామంది ఆశపడ్డారు. అలా జరగలేదు. లావుగా ఉన్నవాళ్ళ రక్తంలో లెప్టిన్ ఇప్పటికే బోలెడు ఉంటుంది, మెదడు దాన్ని వినడం మానేస్తుంది. లెప్టిన్ పెరిగితే అంతగా పట్టించుకోని ఆ మెదడే, అది తగ్గితే మాత్రం కరువొచ్చిందన్నట్టు ఉలిక్కిపడుతుంది. మనకి కష్టం తెచ్చేది ఈ తేడానే.

ఈ కబుర్లన్నీ చేరేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కి, మెదడు కాండానికి. హైపోథాలమస్‌లో పక్కపక్కనే రెండు రకాల నాడీకణాలుంటాయి. ఏజీఆర్‌పీ కణాలు ఆకలిని లేపుతాయి, పీఓఎంసీ కణాలు కడుపు నిండిన భావం తెస్తాయి. గ్రెలిన్ మొదటివాటిని తట్టి లేపుతుంది, లెప్టిన్ వాటిని జోకొట్టి రెండోవాటిని పనిలో పెడుతుంది.

బరువు తగ్గినప్పుడు ఏమవుతుందో చెప్పే ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటుంది, 2011లో వచ్చింది. 50 మందికి 10 వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇస్తే సగటున 13.5 కేజీలు తగ్గారు. తర్వాత 62వ వారంలో, అంటే డైట్ అయిపోయి ఏడాది గడిచాక రక్తం తీసి చూస్తే, గ్రెలిన్ మొదటికంటే ఎక్కువగానే ఉంది, లెప్టిన్, పీవైవై, సీసీకే తక్కువగానే ఉన్నాయి, ఆకలి కూడా డైట్‌కి ముందు ఉన్నదానికంటే ఎక్కువే. ఏడాది తర్వాత కూడా! ఇంకో వైపు, అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, వాళ్ళ ఒంటికి తగ్గట్టు ఖర్చు కావాల్సిన కేలరీలకంటే రోజుకి దాదాపు 500 తక్కువే ఖర్చవుతున్నాయి. లోపల ఇంత జరుగుతుంటే బరువు మళ్ళీ ఎక్కినవాళ్ళని పట్టుదల లేనివాళ్ళు అనడం అన్యాయం.

మీది ఏ ఆకలి

దారి ఎంచుకునే ముందు ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసుకోండి: ఎన్నింటికి ఆకలేసింది, తిన్నాక ఎంతసేపు నిండుగా అనిపించింది, ఆకలి లేకపోయినా తిండి గురించి ఎన్నిసార్లు మనసు పోయింది, ముందు రోజు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు. కేలరీలు రాయక్కర్లేదు.

వారం తర్వాత సాధారణంగా ఏదో ఒక తీరు బయటపడుతుంది. కొందరికి ఆకలి గడియారంలా వేళకే వస్తుంది, వచ్చినప్పుడు గట్టిగా వస్తుంది, మిగతా సమయమంతా ప్రశాంతంగానే ఉంటారు. కొందరికి తినడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియదు, నిండిన సంగతి అరగంట తర్వాత, కడుపు బరువెక్కాక తెలుస్తుంది. కొందరికి నిద్ర లేని మర్నాడు మాత్రమే చెయ్యి ఆగదు. ఇంకొందరికి, అసలు కష్టం వీళ్ళదే, రోజంతా తిండి ధ్యాస. పని చేస్తున్నా, ఎవరితోనో మాట్లాడుతున్నా వెనకాల రేడియో మోగుతున్నట్టు తర్వాత ఏం తినాలి అన్నది నడుస్తూనే ఉంటుంది. ఈ చివరి రకం చాలాసార్లు, ఇంతకుముందు బాగా బరువు తగ్గి మళ్ళీ పెరిగినవాళ్ళలో కనబడుతుంది. ఈ విభజన ఏ ల్యాబ్ పరీక్షలోనూ తేలేది కాదు, బయట అమ్మే "ఆకలి హార్మోన్ల ప్యాకేజీ" పరీక్షలకి డబ్బు పోయకండి, ఒక్కసారి తీసిన గ్రెలిన్, లెప్టిన్ అంకెలతో మీకే దారి మంచిదో ఎవరూ చెప్పలేరు.

డైట్ల మధ్య తేడా అనుకున్నంత లేదు

పిండిపదార్థాలు తగ్గించాలా, కొవ్వు తగ్గించాలా? ఈ గొడవ మీద స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందితో ఏడాది పాటు చేసిన పరీక్ష 2018లో వచ్చింది. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కేజీలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కేజీలు తగ్గారు, అంటే లెక్కలోకి తీసుకునే తేడా లేదు. ఆసక్తి కలిగించేది సగటు కాదు, రెండు గుంపుల్లోనూ కొందరు 20 కేజీలకు పైగా తగ్గారు, కొందరు అదే డైట్ మీద పెరిగారు. కాబట్టి పక్కింటివాళ్ళకి పనిచేసిందని మీకూ పనిచేయాలని లేదు, వాళ్ళకి పనిచేయలేదని మీరు మానుకోనూ అక్కర్లేదు.

పిండిపదార్థాలు బాగా కోసేసే కీటో డైట్‌కి ఒక ప్రత్యేకత ఉంది. రక్తంలో కీటోన్లు, అంటే పిండిపదార్థాలు అందనప్పుడు కొవ్వు కరిగి తయారయ్యే పదార్థాలు, ఉన్నంతకాలం, బరువు తగ్గినప్పుడు మామూలుగా పెరగాల్సిన గ్రెలిన్ అంతగా పెరగదు, అందుకే చాలామంది "కీటోలో ఆకలే వేయలేదు" అంటారు. నిజమే అంటారు. కానీ మామూలు తిండికి తిరిగొచ్చిన రోజు ఆ అడ్డుగోడ పోతుంది, దాచిపెట్టుకున్నట్టు ఆకలంతా ఒకేసారి వచ్చి పడుతుంది. జీవితాంతం అలాగే తినగలిగితే కీటో పట్టండి, మూడు నెలల కోసం అయితే వద్దన్నదే నా సలహా.

గంటల ఉపవాసం మీద చైనాలో 139 మందితో ఏడాది చేసి చూశారు. ఒక గుంపు ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి, రెండో గుంపుకి సమయం ఆంక్ష లేదు, ఇద్దరికీ కేలరీల కోత ఒకటే. సమయం పాటించినవాళ్ళు సగటున 8 కేజీలు, రెండో గుంపువాళ్ళు 6.3 కేజీలు తగ్గారు. 2022లో వచ్చిన ఈ ఫలితంలో తేడా గణాంకాల ప్రకారం నిలబడలేదు. అయినా గడియారంలా ఆకలి వేసే మొదటి రకం వాళ్ళకి ఇది నేను చెప్తాను, ఎందుకంటే గ్రెలిన్ అలవాటుకి కట్టుబడి ఉంటుంది, కొన్ని వారాలు వరసగా ఒక పూట మానేస్తే ఆ వేళ గంట మెల్లగా మోగడం మొదలవుతుంది. ఎక్కడ ఆపాలో తెలియని రెండో రకానికి మాత్రం ఇదే ఉపవాసం ఎదురు తిరుగుతుంది, పొద్దంతా ఆగి రాత్రి ఒక్కసారే మీద పడతారు. షుగర్‌కి ఇన్సులిన్‌ లేదా షుగర్‌ని బాగా దించే మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, గతంలో తిండి రుగ్మత ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం జోలికి వెళ్ళకండి.

ఆ రెండో రకం వాళ్ళకి నిజంగా ఉపయోగపడేది ఇంకోటుంది, డైట్ పేరు కాదు, తిండి తయారైన తీరు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ అయిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. పళ్ళెంలో పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెంటిలోనూ సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి మీద ఉన్నప్పుడు రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు ఒక కేజీ పెరిగారు, వండిన తిండి మీద దాదాపు అంతే తగ్గారు. వండిన తిండి తిన్న రోజుల్లో పీవైవై పెరిగింది, గ్రెలిన్ తగ్గింది. 2019లో వచ్చిన ఈ ఫలితంలో నాకు నచ్చినది, ఎవరినీ నోరు కట్టుకోమని చెప్పకపోవడం.

వేగం కూడా చూడండి. ఒక అధ్యయనంలో 17 మందికి 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ ఇచ్చారు, ఒక రోజు ఐదు నిమిషాల్లో తినేయమన్నారు, ఇంకో రోజు అదే ఐస్‌క్రీమ్‌ని అరగంట పాటు తినమన్నారు. అదే కప్పు, అవే కేలరీలు, కానీ అరగంట తీసుకున్న రోజున పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువగా పెరిగాయి. పేగుల కింది భాగం నుంచి కబురు పైకి చేరడానికి సమయం పడుతుంది, ఐదు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ చేస్తే ఆ కబురు వచ్చేసరికి మీరు చెయ్యి కడుక్కుని ఉంటారు. ప్రతి పూటా ప్రొటీన్ ఉండేలా చూసుకుని, దాన్నే ముందు తిని, భోజనానికి కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వడం, రెండో రకం వాళ్ళు ఏ డైట్ పేరు పెట్టుకున్నా చేయాల్సిన పని ఇదే.

నిద్రా, వ్యాయామమా

రెంటిలో ఒకటే కుదురుతుందంటే ముందు నిద్ర. 2004లో ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, పదేసి గంటలు పడుకున్నప్పటితో పోల్చితే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. చిన్నదే కాబట్టి దాని మీదే ఆధారపడనక్కర్లేదు, 2022లో తక్కువ నిద్రపోయే 80 మందితో ఇళ్ళల్లోనే చేసిన పరీక్షలో నిద్ర రోజుకి గంటా పావు వరకు పెంచితే, తిండి గురించి ఏ సలహా ఇవ్వకుండానే, రోజుకి సగటున 270 కేలరీలు తక్కువ తీసుకున్నారు. గురక గట్టిగా ఉండి, పొద్దున లేచినా మత్తు వదలకపోతే స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉందేమో చూపించుకోండి, ఎనిమిది గంటలు పడుకున్నా అది నిద్ర కాదు.

వ్యాయామం గురించి చాలామంది నిరాశపడతారు, ఎందుకంటే దాంతో మాత్రమే తగ్గే బరువు కొద్ది కేజీలే. గట్టిగా వ్యాయామం చేసిన వెంటనే గ్రెలిన్ కాసేపు తగ్గుతుంది, తర్వాత మామూలే. కానీ తగ్గిన బరువుని నిలబెట్టుకోవడంలో దీనికి సాటి లేదు. అమెరికాలో 1994 నుంచి, కనీసం 13.6 కేజీలు తగ్గి ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు సేకరిస్తున్నారు, వాళ్ళలో ఎక్కువమంది రోజుకి గంట దాకా ఒళ్ళు కదిలిస్తారు. తగ్గడానికి తిండి, నిలబెట్టుకోవడానికి నడక అని వేరుచేసి చూస్తే ఈ నిరాశ ఉండదు.

ఇంజెక్షన్లు: సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్

రోజంతా తిండి ధ్యాసతో బతికేవాళ్ళకి అసలైన మార్పు ఇక్కడ వచ్చింది. మన పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 రక్తంలోకి వచ్చిన రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది, డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని కోసేస్తుంది. మందుగా వాడాలంటే విరగనిది కావాలి. 1990ల మొదట్లో జాన్ ఎంగ్ అనే డాక్టర్ గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో అలాంటిదాన్ని కనిపెట్టారు, దాని నుంచి వచ్చిన ఎక్సెనటైడ్ 2005లో షుగర్ మందుగా వచ్చింది. తర్వాత వచ్చిన సెమాగ్లుటైడ్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అందుకే వారానికి ఒక్క ఇంజెక్షన్. వాడినవాళ్ళని అడిగితే "ఆకలి తగ్గింది" అనరు, "రేడియో ఆగిపోయింది" లాంటి మాట అంటారు. పళ్ళెంలో సగం తిన్నాక పక్కకి జరిపి మాట్లాడుతూ కూర్చోగలగడం కొందరికి జీవితంలో అదే మొదటిసారి.

రెంటికీ తేడా ఏమిటంటే, సెమాగ్లుటైడ్ జీఎల్‌పీ-1 తాళాన్ని మాత్రమే తెరుస్తుంది, టిర్జెపటైడ్ దాంతోపాటు జీఐపీ అనే ఇంకో పేగు హార్మోన్ తాళాన్ని కూడా తెరుస్తుంది. సెమాగ్లుటైడ్ 2.4 మిల్లీగ్రాముల మోతాదులో 68 వారాలకి సగటున 14.9 శాతం బరువు తగ్గారు, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళు 2.4 శాతం. టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో 72 వారాలకి 20.9 శాతం. రెంటినీ ఎదురెదురుగా పెట్టి చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది: టిర్జెపటైడ్ 20.2 శాతం, సెమాగ్లుటైడ్ 13.7 శాతం. బరువు ఒక్కటే చూస్తే టిర్జెపటైడ్‌దే పైచేయి. కానీ మీకు ఇప్పటికే గుండె జబ్బు ఉంటే సెమాగ్లుటైడ్ వైపు ఒక గట్టి కారణం ఉంది. షుగర్ లేని, గుండె జబ్బు ఉన్న, అధిక బరువున్న 17,604 మందితో చేసిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయి. అలాంటివాళ్ళు కేజీల తేడా చూసి తొందరపడకుండా కార్డియాలజిస్ట్‌తో మాట్లాడి ఎంచుకోండి.

ఇబ్బందులు రెంటికీ దాదాపు ఒకేలాంటివి: వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం. మోతాదు పెంచే వారాల్లోనే ఇవి ఎక్కువ, అందుకే నాలుగేసి వారాలకోసారి మెట్టుమెట్టుగా పెంచుతారు, తొందరగా తగ్గాలని మెట్లు దూకకండి. పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా పాంక్రియాస్ వాపు రావచ్చు, పొత్తికడుపు పైభాగంలో వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే మందు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మీకో, కుటుంబంలోనో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందులు వద్దు. గర్భం ప్లాన్ చేసుకుంటుంటే సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రల్ని మాత్రమే నమ్ముకోకూడదు. ఈ చివరి సంగతి ఎవరూ చెప్పక ఇబ్బందిపడేవాళ్ళు ఉంటారు, దయచేసి గుర్తుపెట్టుకోండి. తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, ఆకలి లేదు కదా అని తినకుండా ఉండకుండా ప్రొటీన్ తీసుకోవాలి, బరువులెత్తే వ్యాయామం చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఆపడం గురించి. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళని ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. మందు చెడ్డదని కాదు, పైన చెప్పిన ఆ లెక్క లోపల అలాగే ఉంది, మందు దాన్ని కప్పి ఉంచింది, కప్పు తీసేస్తే బయటపడింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే. పెళ్ళికో, ఇంకో వేడుకకో ఆర్నెల్ల కోసం మొదలుపెట్టేవాళ్ళకి నేను వద్దనే చెప్తాను. ఏళ్ళ తరబడి వాడటానికి, దాని ఖర్చు భరించడానికి సిద్ధమైతేనే మొదలుపెట్టండి. మామూలుగా బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 30 దాటినవాళ్ళకి, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్ళకి రాస్తారు.

ఆపరేషన్: స్లీవ్, బైపాస్

ఆపరేషన్ అంటే కడుపు చిన్నది చేస్తారు కాబట్టి తక్కువ తింటారు అని అందరూ అనుకుంటారు. సగమే నిజం. జీర్ణాశయం చుట్టూ ఉత్త పట్టీ వేసి బిగించే పాత పద్ధతి కూడా కడుపుని చిన్నదే చేసింది, కానీ ఫలితం చాలా తక్కువ. తేడా హార్మోన్లలో ఉంది. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, గ్రెలిన్ ఎక్కువగా పుట్టే పైభాగం దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని దాటేసి త్వరగా కిందికి చేరుతుంది, దాంతో భోజనం తర్వాత జీఎల్‌పీ-1, పీవైవై మామూలుకంటే ఎన్నో రెట్లు లేస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళకి ఆపరేషన్ తర్వాత కొద్ది రోజుల్లోనే, ఇంకా బరువు తగ్గకముందే, మందులు తగ్గించాల్సి రావడం వెనక ఇది కూడా ఒక కారణం.

ఏది మేలు? గుండెల్లో మంట, పులితేన్పులు ఇప్పటికే బాగా ఉంటే బైపాస్, ఎందుకంటే స్లీవ్ తర్వాత అవి ఎక్కువయ్యే అవకాశం ఉంది. షుగర్ బాగా ముదిరినవాళ్ళకి కూడా సాధారణంగా బైపాస్ వైపే మొగ్గుతారు. గతంలో పేగులకి ఆపరేషన్లు అయినవాళ్ళకి, నొప్పి మాత్రలు తరచూ వాడాల్సినవాళ్ళకి స్లీవ్ మేలు, బైపాస్ తర్వాత ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలతో అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ. బైపాస్ తర్వాత తీపి ఎక్కువ తింటే చెమట, గుండెదడ, కళ్ళు తిరగడం వస్తాయి, మద్యం చాలా త్వరగా ఎక్కుతుంది. రెంటిలో ఏది చేయించుకున్నా బీ12, ఐరన్ లాంటివి జీవితాంతం చూసుకోవాలి.

నిలకడలో మాత్రం ఆపరేషన్‌కి సాటి వచ్చేది లేదు. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్ళు పదేళ్ళ తర్వాత కూడా సగటున 25 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బులు లేకపోయినా ఆలోచించమని 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి, ఆసియా మూలాలున్నవాళ్ళకి ఆ గీత ఇంకా కిందే ఉంటుంది. ఇంజెక్షన్ జీవితాంతం కుదరదు, బరువు మాత్రం ప్రాణం మీదకి తెస్తోంది అన్నవాళ్ళు ఆపరేషన్ మాట వినగానే భయపడి పక్కన పెట్టేయకండి.

లెప్టిన్ పెంచే క్యాప్సూల్స్, గ్రెలిన్ ఆపే పొడులు, "సహజ జీఎల్‌పీ-1" సీసాలు కొనకండి. లెప్టిన్ ఒక ప్రొటీన్, నోట్లోంచి వెళ్తే కడుపులో అరిగిపోతుంది.

నన్ను అడిగితే

వేళకి మాత్రమే ఆకలేసి, ఐదారు కేజీలు తగ్గాల్సినవాళ్ళు భోజన వేళలు సరిచేసుకుని, ప్యాకెట్ తిండి తగ్గించుకుని ఆర్నెల్లు చూడండి, ఇంజెక్షన్ అవసరం రాకపోవచ్చు. ఎక్కడ ఆపాలో తెలియనివాళ్ళు ప్రొటీన్, వేగం మీద దృష్టి పెట్టండి, ఉపవాసాలు వద్దు. నిద్ర తక్కువైన రోజే చెయ్యి జారేవాళ్ళు డైట్ మొదలుపెట్టకండి, ముందు నిద్ర. రెండుమూడు సార్లు నిజాయితీగా తగ్గి మళ్ళీ పెరిగినవాళ్ళు, తిండి ధ్యాస వదలనివాళ్ళు నాలుగో డైట్ కోసం వెతకడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఆ వారం రాసుకున్న పుస్తకం తీసుకెళ్ళండి, "ఈ మందు ఎంతకాలం, ఆపాల్సి వస్తే ఎలా ఆపుతాం, మధ్యలో కండ పోకుండా ఏం చేయాలి" అని మూడూ అడగండి. వేరే జబ్బులకి వాడే మందులు కూడా చెప్పండి, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక సమస్యల మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచుతాయి, ఒక్కోసారి వాటిని మార్చడమే మొదటి అడుగు అవుతుంది.

ఇంకొక్క సందర్భం ఉంది, దానికి పైన చెప్పినవేవీ వర్తించవు. పాలు తాగే వయసు నుంచే ఎంత పెట్టినా తీరని ఆకలితో ఏడ్చే పిల్లలు, ఐదేళ్ళలోపే బరువు అమాంతం పెరిగిపోయే పిల్లలు. వాళ్ళకి డైట్ పెట్టకండి, తిట్టకండి, జన్యు పరీక్ష అడగండి. 1997లో కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరాహిలీ, సదఫ్ ఫరూకీ బృందం ఇద్దరు దగ్గరి బంధువుల పిల్లల గురించి రాసింది, ఎనిమిదేళ్ళ పాప 86 కేజీలు, రెండేళ్ళ బాబు 29 కేజీలు. ఇద్దరికీ ఒంట్లో లెప్టిన్ దాదాపు లేదు. తొమ్మిదేళ్ళ వయసులో ఆ పాపకి రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఏడాదిలో 16 కేజీలు తగ్గింది.